నాలుగో గొట్టంలో సూర్యలంక నీళ్లు

బాపట్లలో ఇనుప గేటు పెట్టించుకున్నవాళ్లకు తుప్పు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సంక్రాంతికి రంగు వేయిస్తే ఎండాకాలం దాటేలోపే గొళ్లెం దగ్గర పొక్కులు లేస్తాయి. పొక్కును గోటితో గిల్లితే కింద ఎర్రటి పొడి. సూర్యలంక తీరం ఊరికి తొమ్మిది కిలోమీటర్లే. సముద్రం మీంచి వచ్చే గాలి సైకిల్ చైనునూ వదలదు, కిటికీ ఊచలనూ వదలదు. "ఉప్పుగాలండీ, ఇనుము ఆగదు" అంటారు ఇక్కడ ఎవర్నడిగినా. ఈ మాటలో నిజమెంత, అలవాటుగా అనేయడమెంత? అది తేల్చడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. అరడజను టెస్ట్ ట్యూబులు, పావుకిలో మేకులు, వారం రోజుల ఓపిక ఉంటే చాలు. మూడింటిలో బడిలో దొరకనిది చివరిదే.

పదో తరగతి సైన్సు పుస్తకంలో ఈ ప్రయోగం ఎప్పటినుంచో ఉంది. మూడు పరీక్షనాళికలు, మూడింటిలోనూ శుభ్రంగా తుడిచిన మేకులు. మొదటిదాంట్లో మామూలు నీళ్లు పోసి బిరడా బిగించాలి. రెండోదాంట్లో మరిగించి చల్లార్చిన స్వేదనజలం పోసి, పైన ఒక మిల్లీలీటరు నూనె వేసి, బిరడా బిగించాలి. మూడోదాంట్లో నీళ్లు ఉండవు. అనార్ద్ర కాల్షియం క్లోరైడ్ పలుకులు కొన్ని వేసి బిరడా పెడతాం. అది లోపలి గాలిలోని తేమను పీల్చేస్తుంది. కొన్నాళ్లు ఆగి చూస్తే మొదటి గొట్టంలో మేకులకే తుప్పు. కాబట్టి తుప్పు పట్టాలంటే గాలీ కావాలి, నీరూ కావాలి. పరీక్షలో నాలుగు మార్కులు.

నేను చదివిన బడిలో ఈ ప్రయోగం నల్లబల్ల మీద జరిగింది. మాస్టారు సుద్దముక్కతో మూడు గొట్టాలు గీశారు. మేం రికార్డులో ఎడమ పేజీ మీద పెన్సిలుతో బొమ్మ వేసి, కుడి పేజీ మీద ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అని వరసగా రాసుకున్నాం. ఒక్క మేకు కూడా తడవలేదు. 'పరిశీలన' అన్న మాట కింద మేం చూడనిదాన్ని చూసినట్టు రాసి పదికి పది తెచ్చుకున్నాం. ఇంటర్‌లో ఇదే విద్య ఇంకాస్త ముదిరింది. బ్యూరెట్టు రీడింగు పక్కవాడిది చూసి రాయడం, మూడు రీడింగులూ ఒకేలా వచ్చేట్టు సర్దడం. మాస్టార్లను అని లాభం లేదు. సిలబసు తరుముతుంటే వారం రోజులు మేకుల్ని ఎవరు కాపలా కాస్తారు? కానీ మొత్తం రసాయనశాస్త్రం పుస్తకంలో నియంత్రిత ప్రయోగం అంటే ఏమిటో ఇంత తేటగా చూపించేది ఇంకోటి లేదు. దాన్ని బొమ్మగా మార్చి చేతులు దులుపుకోవడం మాత్రం అన్యాయం.

సరే, నిజంగానే చేద్దాం. మొదటి చిక్కు మేకులతోనే వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో మేకులంటే కొన్నిసార్లు జింకు పూత పూసినవి ఇస్తారు. అవి వారం కాదు గదా, నెలైనా చలించవు. పూత లేని మామూలు ఇనుప మేకులే అడగాలి. వాటికి జిడ్డు పూసి ఉంటుంది, కొన్నింటికి అప్పటికే తుప్పు మచ్చలుంటాయి. సబ్బుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బట్టతో తుడిచాకే పని మొదలవుతుంది. ఇక్కడే పిల్లలు తెలియకుండా ఒక పని చేస్తారు. తుప్పు పట్టకూడని గొట్టాల్లోకి తళతళలాడే మేకులు ఏరి వేస్తారు. ఎవరూ చెప్పకపోయినా చెయ్యి అటే పోతుంది. అందుకే మేకులన్నీ ఒక పళ్లెంలో పోసి, కళ్లు మూసుకుని తీసి, మొదటిది ఒకటో గొట్టంలో, రెండోది రెండో గొట్టంలో అంటూ వరసగా పంచాలి. ఒక్కో గొట్టంలో ఒక్క మేకు కాకుండా నాలుగైదు వేయాలి. ఒక మేకుకు తుప్పు పడితే అది మేకు లోపమో నీళ్ల మహిమో చెప్పలేం. అయిదుకు అయిదూ ఎర్రబడితే మాట వేరు.

ఇప్పుడు ఆ మూడు గొట్టాలవైపు కాస్త అనుమానంగా చూడండి. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏమిటి? గాలి ఒక్కటే అంటుంది పుస్తకం. కానీ నీళ్లు మరిగించాం, స్వేదనజలం తీసుకున్నాం, నూనె పోశాం. మూడు మార్పులు. తరగతిలో వెనక బెంచీ పిల్లవాడెవడైనా లేచి, "సార్, గాలి లేక కాదేమో, నూనె అంటుకోబట్టి మేకు బాగుందేమో" అంటే మాస్టారు చెప్పాల్సింది "కూర్చో" అని కాదు. ఇంకో గొట్టం తీసుకురమ్మని. అందులో మరిగించని స్వేదనజలం పోసి, దానిమీద అదే నూనె వేయాలి. మేకు నీళ్లలో మునిగి ఉంటే నూనె దానికి తగలదు గదా అని ఇంకో పిల్ల అనొచ్చు. అదీ మంచి మాటే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. మరిగిస్తే అది బుడగలై పోతుంది. నూనె చేసే పనల్లా బయటి గాలి మళ్లీ నీళ్లలోకి దిగకుండా అడ్డుపడటం. మరిగించని నీళ్ల మీద నూనె వేసిన గొట్టంలో కాస్త తుప్పు కనబడి, మరిగించిన దాంట్లో కనబడకపోతే అప్పుడు నేరం నూనెది కాదని తేలుతుంది. ఒక గొట్టానికీ దాని పక్క గొట్టానికీ మధ్య ఒకే ఒక్క తేడా ఉండాలి. ప్రయోగం అంటే చివరికి ఇదే. మిగతాదంతా గాజుసామాను.

ఆ మాటకొస్తే రెండో గొట్టం చెప్పేది 'గాలి' అని మాత్రమే. 'ఆక్సిజన్' అని కాదు. మరిగిస్తే నైట్రోజన్ కూడా పోతుంది గదా. ఆక్సిజన్ అనాలంటే ఇంకో సాక్ష్యం కావాలి. లేత్ షాపులో రాలే ఇనుప రజను గుప్పెడు తెచ్చి, తడి చేసిన టెస్ట్ ట్యూబు లోపలి గోడకు అద్ది, గొట్టాన్ని నీళ్ల గిన్నెలో బోర్లించి వదిలేయండి. కొన్నాళ్లకు నీళ్లు గొట్టంలోకి అయిదో వంతు దాకా పైకెక్కి ఆగిపోతాయి. మిగిలిన గాలిలో అగ్గిపుల్ల ఆరిపోతుంది. గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. ఇనుము దాన్నే తిని మిగతాది వదిలేసిందన్నమాట. (ఇనుప రజను బదులు పాత్రలు తోమే పీచు వాడదామనుకుంటే జాగ్రత్త. ఇప్పుడు దుకాణాల్లో దొరికేదాంట్లో చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలే. నెల గడిచినా నీళ్లు కదలవు, పిల్లలు ఆక్సిజనే లేదనుకుంటారు.)

మూడో గొట్టం బాపట్లలో మొరాయిస్తుంది. కాల్షియం క్లోరైడుకు తేమంటే ఎంత ఆకలంటే, గాలిలో తేమ ఎక్కువున్న చోట మూత తీసి ఉంచితే పలుకులు ముందు అంటుకుంటాయి, ఆనక ముద్దవుతాయి, చివరికి తను పీల్చిన నీళ్లలోనే కరిగి ద్రవమైపోతాయి. తీరప్రాంతపు బడి ల్యాబులో ఎప్పుడో తెరిచిన సీసాలో అడుగున ఉండే ముద్ద ఇక అనార్ద్రం కాదు. దాన్ని వేసి, బిరడా వదులుగా పెడితే మూడో గొట్టంలో మేకులకూ నాలుగు రోజులకు గోధుమరంగు చుక్కలు వస్తాయి. రెండో గొట్టంలోనూ నూనె పొర పూర్తి అడ్డుగోడ కాదు. ఆక్సిజన్ నూనెలో కూడా కరిగి మెల్లగా కిందికి దిగుతుంది. వారాలు గడిస్తే అక్కడా లేత మచ్చలు కనిపించవచ్చు.

అప్పుడు రికార్డులో ఏం రాయాలి? పుస్తకంలో 'తుప్పు పట్టలేదు' అని ఉంది. కంటికి చుక్కలు కనబడుతున్నాయి. ఈ క్షణంలో పిల్లవాడు ఏది రాస్తే అదే వాడు నేర్చుకున్న సైన్సు. 'మూడో గొట్టంలో అయిదు మేకుల్లో రెండింటికి చుక్కలు. కాల్షియం క్లోరైడ్ ముద్దగా ఉంది. బిరడా వదులు' అని రాసినవాడికి నేనైతే పదికి పది వేసి, పుస్తకం చూసి రాసినవాడికి రెండు వేస్తాను. పరీక్షల పద్ధతి సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక ఉప్పు సంగతి. బాపట్ల పిల్లలకు నాలుగో గొట్టం ఎవరూ చెప్పకుండానే తడుతుంది. ఆదివారం సూర్యలంక వెళ్లి ఒక సీసాడు సముద్రపు నీళ్లు తెస్తారు. గొట్టంలో పోసేముందు ఒక్క పని చేయించాలి. ఏం జరుగుతుందనుకుంటున్నారో చీటీ మీద రాయించి, మడిచి, సీసాలో వేయించాలి. పుస్తకాల భాషలో దీన్ని పరికల్పన అంటారు. ఫలితం చూశాక "నేను ముందే అనుకున్నా" అనడం మనుషులందరికీ తెలిసిన విద్యే. చీటీ ఉంటే ఆ విద్య పనిచేయదు.

సముద్రపు నీళ్ల గొట్టంలో తుప్పు త్వరగా కనిపిస్తుంది, ఒత్తుగా వస్తుంది. ఉప్పుదే పని అని తరగతి అంతా చప్పట్లు కొడుతుంది. కానీ సముద్రపు నీళ్లలో ఉప్పొక్కటే ఉందా? మెగ్నీషియం ఉంది, సల్ఫేట్లు ఉన్నాయి, ఇసుక నలుసులున్నాయి, కంటికి కనబడని జీవాలున్నాయి. ఉప్పునే నిలదీయాలంటే అయిదో గొట్టం కావాలి. స్వేదనజలమే తీసుకుని, లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. సముద్రపు నీళ్లలో లవణాలు సుమారు ఆ పాళ్లలోనే ఉంటాయి. వంటింటి పొడి ఉప్పులో అయొడిన్ లవణమూ, ఉండకట్టకుండా వేసే పొడీ ఉంటాయి. కల్లుప్పులో ఇంకేవో ఉంటాయి. ల్యాబులో సోడియం క్లోరైడ్ సీసా ఉంటే దాన్నే వాడటం మేలు. ఇప్పుడు అయిదో గొట్టాన్ని, ఉత్త స్వేదనజలం పోసిన ఇంకో గొట్టంతో పోల్చండి. తేడా ఉప్పొక్కటే.

తుప్పు పట్టడమంటే చిన్న బ్యాటరీ నడవడం లాంటిది. మేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీళ్లలోకి దిగుతుంది. ఇంకోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఎలక్ట్రాన్లు మేకులోంచే పోతాయి, కానీ నీళ్లలో అయాన్లు కూడా కదిలితేనే వలయం పూర్తవుతుంది. ఉప్పు కరిగిన నీళ్లలో ఆ దారి సుగమం. పైగా క్లోరైడ్ అయాన్లు ఇనుము మీద ఏర్పడే కాపు పొరను చీలుస్తాయి. అంటే ఉప్పు తుప్పుకు ముడిసరుకు కాదు, తొందరపెట్టే దళారి మాత్రమే. ఉప్పు లేకపోయినా ఇనుము తుప్పు పడుతుంది. నీరూ ఆక్సిజనూ లేకపోతే ఎంత ఉప్పున్నా పట్టదు. "ఉప్పుగాలి, ఇనుము ఆగదు" అన్న మాటలో నిజమెంతో ఇప్పుడు తెలిసింది.

'దేనితో పోల్చి చెబుతున్నావు?' అనే ఈ ప్రశ్న బాపట్లకు కొత్తది కాదు. 1945లో ఇక్కడ పెట్టిన వ్యవసాయ కళాశాల పొలాల్లో ఆ ప్రశ్న ఏటా నాట్లు వేసుకుంటుంది. కొత్త వరి వంగడం బాగా పండిందని చెబితే అక్కడ ఎవరూ నమ్మరు. పక్క మడిలో అదే రోజు నాటి, అవే ఎరువులు వేసి, అదే కాలవ నీళ్లు పెట్టిన పాత రకం ఎంత పండిందో అడుగుతారు. ఆ పాత రకాన్ని 'చెక్' అంటారు. కాలవ పక్క మడి తడిగా ఉంటుంది, దూరపు మడి ఎండుతుంది. అందుకే పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ వచ్చేట్టు, ఏది ఎక్కడో లాటరీ తీసినట్టు నాటుతారు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో రోనాల్డ్ ఫిషర్ 1920లలో నెలకొల్పిన పద్ధతి అది. మేకులు కళ్లుమూసుకుని పంచడం దాని చిన్న తమ్ముడే.

1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204ను ఇళ్లలో సాంబ మసూరి అంటాం. అది తర్వాత సన్న బియ్యానికి కొలబద్ద అయి కూర్చుంది. కొత్త సన్న రకం నాణ్యత చూడాలంటే దాన్ని పక్కన పెట్టి పోలుస్తారు. దాని బలహీనత బాక్టీరియా ఎండాకు తెగులు. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి మూడు తెగులు నిరోధక జన్యువులను అందులోకి చేర్చి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేసి, 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరిని బయటపెట్టారు. గింజ అదే, వండితే అన్నం అదే. పాతదీ కొత్తదీ పక్కపక్కన నాటితే మధ్యలో ఉన్న తేడా దాదాపుగా ఆ జన్యువులే. తెగులు వచ్చిన ఏడు పాత మడి ఎండి, కొత్త మడి పచ్చగా నిలిస్తే వేరే వివరణ వెతకనక్కర్లేదు.

రసాయనశాలలో ఈ 'చెక్'కే 'బ్లాంక్' అని పేరు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం కొలిచేటప్పుడు మట్టి వేసిన ఫ్లాస్కు పక్కనే మట్టి వేయని ఫ్లాస్కు ఒకటి పెడతారు. మిగతా రసాయనాలన్నీ రెండింటిలోనూ సమానం. విద్యార్థులు ఈ ఉత్త ఫ్లాస్కును దండగ పనిగా చూస్తారు, ఆలస్యమైతే ముందు దాన్నే ఎగ్గొడతారు. అది లేకపోతే మట్టి ఏం చేసిందో, రసాయనాలు తమంతట తాము ఏం చేశాయో విడదీయలేం.

పోల్చడానికి పక్కన ఒకటి ఉంటే ఎంత దొరుకుతుందో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చూపించారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాకు మాలిబ్డేట్, క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంతుందో తెలిసిన ప్రమాణ ద్రావణం పక్కన పెట్టి రంగును పోలుస్తారు. కండరం నుంచి తీసిన నమూనాలో రంగు రావలసినంత వేగంగా రాలేదు, ఆగి ఆగి ముదిరింది. పక్కన ప్రమాణ ద్రావణం లేకపోతే ఆ ఆలస్యం ఎవరి కంటా పడేది కాదు. పడినా, చేయి తిరగనివాడైతే రీడింగు సర్దేసేవాడు. వాళ్లు సర్దలేదు. ఆమ్లంలో మెల్లగా విడిపోయి ఫాస్ఫేటును వదిలే పదార్థమేదో కండరంలో ఉందని పట్టుకున్నారు. అది ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ప్రకటించారు. కండరం చటుక్కున వాడుకునే శక్తి నిల్వ అదే.

ఇంతదాకా చెప్పిన 'ఒక్కటే మార్చు' సూత్రానికి ఒక తెలుగువాడే మరో దారి చూపించాడని చెప్పకపోతే బాగుండదు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖలో గణితం పూర్తిచేశారు. ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేశారు. ఆయన 1940లలో ఆర్థోగోనల్ అర్రేలు అనే పట్టికలను రూపొందించారు. ఉప్పు, మూత, ఎండ మూడింటి ప్రభావమూ చూడాలనుకోండి. అన్ని కలయికలకూ ఎనిమిది గొట్టాలు కావాలి. ఆయన పట్టికతో నాలుగు చాలు. ఉప్పు లేకుండా, మూత పెట్టి, నీడలో ఒకటి. ఉప్పు లేకుండా, మూత తీసి, ఎండలో ఒకటి. ఉప్పు వేసి, మూత పెట్టి, ఎండలో ఒకటి. ఉప్పు వేసి, మూత తీసి, నీడలో ఒకటి. ఏ రెండింటిని చూసినా నాలుగు జోడీలూ ఒక్కోసారి వస్తాయి, కాబట్టి ఒకదాని ప్రభావాన్ని మరొకదాని నుంచి విడదీయవచ్చు. ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఆడే ఆటలు పెద్దగా లేనప్పుడే ఇది సాగుతుంది. జపాను కర్మాగారాల్లో నాణ్యత పెంచడానికి గెనిచి తగూచి ఎత్తుకున్నది ఈ పట్టికలనే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న ఆ ఏడే, ఆగస్టులో, రావుగారు వెళ్లిపోయారు. పదో తరగతికి మాత్రం ఒక్కొక్కటే మార్చడం ముందు. సా-పా-సా పట్టుబడ్డాకే కీర్తన.

మళ్లీ కిటికీ దగ్గరున్న గొట్టాల దగ్గరికి వద్దాం. ఉప్పు తుప్పును తొందరపెడుతుందని తేలాక ఏ తరగతినైనా ఒక మాట అడగండి: ఉప్పు పెంచుతూ పోతే? అందరూ ఒకే జవాబు రాస్తారు, ఎక్కువ ఉప్పు, ఎక్కువ తుప్పు అని. ఆ చీటీలు దాచండి. నీళ్లు వంద మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, ఒకదాంట్లో ఉప్పు వేయకుండా, మిగతావాటిలో ఒక గ్రాము, మూడున్నర గ్రాములు, పది, ఇరవై, ఇక కరగదన్నంత వేసి, అయిదేసి మేకులతో గొట్టాలు వరసగా పెట్టండి. ఎవరి గొట్టం ఏదో తెలియని పక్క సెక్షను పిల్లలతో ఏది ఎక్కువ తుప్పో వరస పెట్టించండి.

ఆ చీటీలు తప్పుతాయి. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ కరిగే శక్తి తగ్గుతుంది. దారి బాగుపడుతున్నా నడిచేవాడు తక్కువవుతాడు. గాలి తగిలే ఉప్పునీటిలో ఇనుముకు తుప్పు మూడు శాతం చుట్టుపక్కల శిఖరానికి చేరి, అక్కడినుంచి దిగడం మొదలుపెడుతుంది. ఇక కరగదన్నంత ఉప్పున్న నీళ్లలో అది ఉత్త నీళ్లకంటే కూడా తక్కువ. చినగంజాం ఉప్పుమళ్లలో గడ్డకట్టబోయే చిక్కటి ఉప్పునీళ్లు ఒక గొట్టంలో, సూర్యలంక నీళ్లు ఇంకో గొట్టంలో పోసి మేకులు వేయండి. ఎక్కువ ఎర్రబడేది సూర్యలంక గొట్టమే. బంగాళాఖాతం దాదాపుగా ఆ శిఖరం మీదే ఉంది.